‘పడుకో అబ్బయ్యా’ అనే మనిషి దొరికేదాకా

(నెల్లూరులో ఆదివారం పొద్దున ఈతకు వచ్చే పెద్దల బృందం ముందు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరును పెద్దగా మార్చకుండా రాసింది.)

నమస్కారమండీ. వెనకాల తల తుడుచుకుంటున్నవాళ్లు కూడా నిదానంగా రండి, తొందరేం లేదు.

నన్ను పిలిచిన పెద్దాయన ఫోన్లో, “సముద్రంలో మునిగి బల్లెంతో చేపల్ని ఎట్టా కొడతావో చెప్పు నాయనా, మావాళ్లకు హుషారుగా ఉంటుంది” అన్నారు. సరే అన్నాను. కానీ చేపను కొట్టే సంగతి చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు. ఈ జిల్లాకు వచ్చాక నాకు మొదటి చేప దొరకడానికి నాలుగు నెలలు పట్టింది. నాతో నీళ్లలోకి దిగే మనిషి దొరకడానికి దాదాపు రెండేళ్లు పట్టింది. ఇవాళ ఆ రెండేళ్ల గురించే చెబుతాను.

మన పేపర్లలో ‘గజ ఈతగాళ్లు’ అనే మాట ఎప్పుడు కనబడుతుందో గమనించారా? మనిషి పోయాక. మైపాడులోనో, కొత్తపట్నంలోనో, పాకలలోనో సెలవురోజు పిలకాయలు స్నానానికి దిగుతారు. ఒకరిద్దరు కనబడకుండా పోతారు. అప్పుడు ‘గజ ఈతగాళ్లను రప్పించి గాలిస్తున్నారు’ అని రాస్తారు. బాగా మునగడం వచ్చినవాడికి మన దగ్గర ఉన్న పని శవాన్ని వెతకడమే. నేను మైపాడుకు పైన ఒక పాలెంలో మొదటిసారి సంచిలోంచి మాస్కు, కాళ్లకు తొడిగే ఫిన్సు బయటికి తీస్తుంటే ఒక ముసలమ్మ దగ్గరికొచ్చి, “ఎవరు పోయార్రా అబ్బయ్యా?” అని అడిగింది. ఎవరూ పోలేదమ్మా, వేటకొచ్చాను అన్నాను. ఆమె నమ్మలేదు. ఒడ్డున కూర్చుని నేను బయటికి వచ్చేదాకా చూసింది. నిజానికి ఈ తీరంలో నన్ను కనిపెట్టుకుని కూర్చున్న మొదటి మనిషి ఆమే. ఆ సంగతి నాకు చాలా కాలం తర్వాత తట్టింది.

మాది విశాఖ, భీమిలి రోడ్డు వైపు. మంగమారిపేట దగ్గర ఒడ్డునుంచే రాళ్లు మొదలవుతాయి. రాళ్లుంటే నాచు ఉంటుంది, నాచు ఉంటే చిన్న చేపలు, వాటి కోసం పెద్ద చేపలు. నాకు పదిహేడేళ్లప్పుడు మా చిన్నాన్న కొడుకు నన్ను అక్కడ ముంచాడు. పార్ట్‌నర్ను వెతుక్కోవడం అనే పనే మాకు తెలియదు. టీ బడ్డీ దగ్గర నిలబడితే ఎవడో ఒకడు మాస్కు చేత్తో పట్టుకుని కనబడేవాడు. “ఏటి, దిగుదామా?” అంటే దిగేవాళ్లం. ఇప్పుడు తల్చుకుంటే అదేం మంచి పద్ధతి కాదు. అదృష్టం బాగుండి బతికాం.

తర్వాత ఉద్యోగం కృష్ణపట్నం వైపు పడింది. ఇక్కడ దిగి చూస్తే రాయి లేదు. తడ నుంచి కావలి దాకా ఎక్కడ చూసినా ఇసుక. ఇసుక మీద కెరటం విరిగితే అడుగంతా లేచి నీళ్లలో కలుస్తుంది. పైగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలంలో మన తీరం వెంట ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి సాగుతుంది. గోదావరి, కృష్ణ తెచ్చి పోసిన ఒండ్రు నీళ్లు మన వైపు జారుతాయి. ఊటుకూరు దగ్గర కలిసే మన పెన్న వరద దానికి తోడు. ఫిబ్రవరి వచ్చేసరికి ప్రవాహం తిరగబడి దక్షిణం నుంచి ఉత్తరానికి పోతుంది. అప్పుడు కాస్త తేట. మొదటి ఏడాది నాకు చెయ్యి చాపితే వేళ్లు కనబడిన రోజులు రెండు చేతుల వేళ్లకు మించలేదు. మిగతా రోజుల్లో దిగితే టీ గ్లాసులో దిగినట్టే.

ఇట్లాంటి నీళ్లలో ఒంటరిగా దిగకూడదు అని వేరే చెప్పాలా? చెప్పాలి. ఎందుకంటే నేను దిగాను. చెప్పేవాడే చెయ్యకపోతే ఎట్లా అని మీరు అడగొచ్చు, అడగండి.

ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి, లెక్క చెబుతాను. ఒడ్డున మన మీద ఉండే ఒత్తిడిని ఒకటి అనుకుందాం. 10 మీటర్ల లోతుకు దిగితే అది రెండవుతుంది. ఊపిరితిత్తుల్లో గాలి సగానికి కుదించుకుపోతుంది. అట్లా నొక్కుకుపోయిన గాలి నుంచి ఆక్సిజన్ రక్తంలోకి సులువుగా ఎక్కుతుంది. కాబట్టి కింద మనిషికి హాయిగానే ఉంటుంది. పైకి వచ్చేటప్పుడే అసలు సంగతి. ఉన్న ఆక్సిజన్‌లో చాలా భాగం ఒళ్లు వాడేసింది, దానికి తోడు ఒత్తిడి మళ్లీ సగానికి పడుతోంది. ఆ చివరి కొన్ని మీటర్లలో, లేదా తల బయటపెట్టాక కొన్ని సెకన్లలో స్పృహ పోతుంది. నొప్పి ఉండదు, ఆయాసం ఉండదు. కరెంటు పోయినట్టు పోతుంది.

ఆయాసం ఎందుకు ఉండదు అంటారా? ఊపిరి తీసుకోవాలనే తహతహ ప్రధానంగా ఆక్సిజన్ తగ్గడం వల్ల రాదు. కార్బన్ డయాక్సైడ్ పెరగడం వల్ల వస్తుంది. దిగే ముందు గబగబా పది ఇరవైసార్లు ఊపిరి పీల్చి వదిలితే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. ఆక్సిజన్ మాత్రం పెద్దగా పెరగదు. అంటే చేతిలో డబ్బు పెరగలేదు, అప్పులవాడు తలుపు తట్టడం మానేశాడు, అంతే. మనం సంపన్నులం అయ్యామనుకుని ఇంకాస్త ఖర్చు పెడతాం.

ఇది సముద్రం గొడవ, మనకెందుకులే అనుకోకండి. ఇప్పుడు మీరు ఈదొచ్చిన ఈ కొలనులో, నిలబడితే ఛాతీ దాకా వచ్చే నీళ్లలో కూడా ఇదే జరుగుతుంది. మీ మనవళ్లు ‘ఒక్క ఊపిరితో ఈ చివర నుంచి ఆ చివరకు రెండుసార్లు’ అని పందేలు కాస్తారు చూడండి, అక్కడ జరుగుతుంది. పైన నిలబడి చూసేవాడికి ‘వీడు భలే బిగబట్టాడే’ అనిపిస్తుంది. ఆ బిగబట్టినవాడికి అప్పటికే తెలివి ఉండదు.

కాబట్టి పార్ట్‌నర్ అనేది సరదాకో, కబుర్లకో కాదు. స్పృహ పోయినవాడు తనను తాను కాపాడుకోలేడు. పక్కన మనిషి ఉంటే ముఖం నీళ్ల పైకి పట్టుకుంటాడు, మాస్కు లాగేస్తాడు, చెంప మీద తట్టి, ముఖం మీద ఊది, పేరు పెట్టి ‘ఊపిరి తీసుకో’ అని అరుస్తాడు. చాలాసార్లు అంతమాత్రానికే మనిషి తిరిగొస్తాడు. రాకపోతే నోట్లో నోరు పెట్టి ఊదాలి. పక్కన ఎవరూ లేకపోతే గజ ఈతగాళ్లే.

సరే, ఈ తెలివంతా నాకు ముందే ఉంది. పుస్తకంలో చదివిందే. కానీ మనిషి కోసం వెతకడం మొదలుపెట్టినప్పుడు నేను ఎవర్ని వెతికానో తెలుసా? నాకంటే బాగా మునిగేవాణ్ణి. నాకంటే పెద్ద చేప కొట్టేవాణ్ణి.

మొదట ఒక జిమ్ కుర్రాడు దొరికాడు. కండలు తిరిగిన మనిషి. “మూడు నిమిషాలు బిగబడతాను సార్” అన్నాడు. సోఫాలో కూర్చుని బిగబట్టి చూపించాడు కూడా. కొలనులోకి తీసుకెళ్లి, “నేను పైకొచ్చి ఏమీ మాట్లాడకుండా ఉంటే ఏం చేస్తావు?” అని అడిగాను. “ఎందుకు మాట్లాడరు సార్? నామీద కోపమా?” అన్నాడు. మంచి పిల్లాడు. ఇప్పటికీ కలిస్తే కాఫీ తాగుతాం.

రెండోవాడు చెన్నైలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మన గూడూరు వైపు మనిషే. స్కూబా కార్డు ఉంది, సామానంతా ఉంది. సిలిండరుతో మునగడం వచ్చినంత మాత్రాన ఊపిరి బిగబట్టి మునగడం వచ్చినట్టు కాదు, అవి వేరువేరు విద్యలు. అయినా అతను నేర్చుకున్నాడు. ఇబ్బంది అది కాదు. శనివారం అర్ధరాత్రి లేచి మూడు గంటలు కారు నడుపుకుంటూ వచ్చేవాడు. సముద్రం చూస్తే ఎర్రగా బురద. నేను “వద్దులే” అంటే, “ఇంత దూరం వచ్చాం కదా, ఒక్కసారి దిగి చూద్దాం” అనేవాడు. అతని తప్పేం లేదు. మూడు గంటలు డ్రైవింగ్ చేసినవాడి నోటికి ‘వద్దు’ అనే మాట రాదు. నాక్కూడా మొహమాటం. అట్లా మేం దిగకూడని రోజుల్లో నాలుగుసార్లు దిగాం.

మూడోవాడి దగ్గర ఆగుతాను.

మునగడంలో అతను నిజంగా మొనగాడు. నాకంటే వయసులో చిన్న, ఊపిరి ఎక్కువ, చెయ్యి తిరిగిన వేటగాడు. నాకు కావలసిన మనిషి దొరికాడనుకున్నాను. మార్చిలో ఒక పొద్దున, నీళ్లు ఓ మాదిరి తేటగా ఉన్నాయి. ఒడ్డుకు దూరంగా ఒక పాత బోటు మునిగి ఉన్న చోటికి ఫైబర్ బోటులో వెళ్లాం. లోతు 9 మీటర్లు. పద్ధతి ఏంటంటే ఒకరు కిందికి పోతే ఒకరు పైనుంచి చూడాలి, ఇద్దరూ ఒకేసారి మునగకూడదు. రెండు మూడు మునకలు అట్లాగే చేశాం. తర్వాత పార చేపల గుంపు వచ్చింది. వెండి పళ్లేలు తిరుగుతున్నట్టు మెరుస్తూ మా చుట్టూ తిరిగాయి.

నేను దిగాను. బోటు చెక్క పట్టుకుని అడుగున పడుకున్నాను. ఒక పెద్ద పార వస్తున్నట్టే వచ్చి తిరిగిపోతోంది. ఇంకొంచెం, ఇంకొంచెం అనుకున్నాను. పైకి రావడం గుర్తుంది. పైన వెలుతురు గుర్తుంది. ఆ తర్వాత గుర్తున్నది నా చెయ్యి. మా తేలుడు బుంగను పట్టుకుని ఉంది, గడగడా వణుకుతోంది, ఆ చెయ్యి ఎవరిదో నాకు తెలియలేదు. డైవర్లు దీన్ని ‘సాంబా’ అంటారు, ఆ వణుకు డాన్సులాగా ఉంటుందని. అది స్పృహ పోవడానికి ఒక్క మెట్టు ఇవతల. నేను ఆ మెట్టు మీద ఎంతసేపు ఉన్నానో తెలియదు.

తల తిప్పి చూస్తే అతను నలభై మీటర్ల దూరంలో ఉన్నాడు. వీపు నావైపు. గుంపు వెంట పోయాడు. కాసేపటికి తిరిగొచ్చి, మాస్కు పైకి జరిపి, నవ్వుతూ, “పడిందా అన్నా?” అని అడిగాడు.

అతణ్ణి తిట్టలేదు. ఇంటికెళ్లి అన్నం తిని పడుకున్నాక ఒక సంగతి అర్థమైంది. అతని చోట నేనుంటే నేను కూడా గుంపు వెంటే పోయేవాణ్ణి. ఇద్దరు వేటగాళ్లు కలిసి పోతే నీళ్లలో ఇద్దరు వేటగాళ్లుంటారు. చూసేవాడు ఎవడూ ఉండడు. అది మా ఆవిడతో చెప్పలేదు. ఆర్నెల్ల తర్వాత చెప్పాను. దానికి తిన్న తిట్లు మాత్రం ఇవాళ్టి ప్రసంగంలోకి రావు.

దాంతో సామాను అటక మీద పెట్టేశాను. ఏప్రిల్ 15 వచ్చింది, వేట నిషేధం మొదలైంది. తూర్పు తీరంలో జూన్ 14 దాకా 61 రోజులు బోట్లు ఒడ్డునే ఉంటాయి, చేపలు గుడ్లు పెట్టే కాలమని. నిషేధం బోట్లకే కదా, నీకేం అని కొందరు అన్నారు. పాలెమంతా ఖాళీ చేతులతో కూర్చున్నప్పుడు నేను నాలుగు చేపలు తాడుకు గుచ్చుకుని వాళ్ల ముందు నుంచి నడిచిపోతే బాగుంటుందా? ఆ రెండు నెలలు నేను బల్లెం తీయను.

కానీ ఊరికే పాలెం వెళ్లడం మాత్రం అలవాటైంది. కొత్త తీరంలో మనిషి కావాలంటే వెళ్లాల్సిన కాలం అదేనని నాకప్పుడే తెలిసింది. వేట ఉన్నన్నాళ్లు వాళ్లకు మాట్లాడే తీరిక ఉండదు. తెల్లారుజామున పోతారు, వస్తారు, వేలం, ఐసు, నిద్ర. నిషేధం రోజుల్లో మాత్రం తాటాకు పందిరి కింద కూర్చుని వలలు బాగుచేస్తుంటారు. వయసులో పెద్దవాళ్లు తమలో తాము పట్టపు భాష మాట్లాడుకుంటారు, అరవానికి దగ్గరగా ఉంటుంది. నాకొక ముక్క అర్థం కాదు. నా ఉత్తరాంధ్ర తెలుగు వాళ్లకు నవ్వులాట. నేను ‘బేగి’ అంటే పిలకాయలు ‘బేగి, బేగి’ అని వెంటపడేవాళ్లు.

అక్కడ ఒకాయన ఉండేవాడు. అరవైకి దగ్గర. అందరూ మామ అంటే నేనూ మామ అన్నాను. కాలి బొటనవేలికి వల కన్ను తగిలించుకుని, ప్లాస్టిక్ సూదితో చిరుగు కుట్టుకుంటూ, తల ఎత్తకుండా మాట్లాడేవాడు. మూడువారాలు నేను పక్కన కూర్చుని దారం అందించాను. నాలుగోవారం అడిగాడు, “నీళ్లలో కళ్లు తెరిచి చూస్తావంట గదా. మా వల ఒకటి కింద తగులుకుంది. వేట మొదలయ్యాక చూసిపెడతావా?”

వల తగులుకోవడం వాళ్లకు నష్టం. ఆ మాట వినగానే నాకు మాత్రం నోరూరింది. వల తగులుకుందంటే కింద ఏదో ఉంది. ఇసుకలో ఏదైనా ఉందంటే చేప ఉంది. ఇట్లాంటి చోట్లు వాళ్లకు ఒళ్లంతా గుర్తే. ఫలానా గుడి గోపురం, ఫలానా టవరు ఒక వరసలోకి వస్తే అక్కడ వల వెయ్యకూడదు అని. ఈ కాలం పిలకాయలు ఫోన్లో గుర్తు పెట్టుకుంటున్నారు. ఇంకో సంగతి, పాలెం పెద్దలకు చెప్పకుండా ఆ నీళ్లలో మునగకూడదు. వాళ్లు దురాయి వేశారంటే, అంటే ఊరి కట్టుబాటుగా వద్దన్నారంటే, మళ్లీ ఆ ఒడ్డున నీకు బోటు దొరకదు. మామే నన్ను తీసుకెళ్లి వాళ్ల ముందు నిలబెట్టాడు. ఎర్ర గుడ్డ మీద తెల్ల అడ్డపట్టీ ఉండే డైవింగ్ జెండా చూపించి, ఇది కనబడితే బోటు పక్కగా పోనివ్వండి అని చెప్పాను. ఒకాయన అది ఏ పార్టీదని అడిగాడు.

“వల చూస్తాను మామా, కానీ ఒక్కణ్ణే దిగను” అన్నాను. “నేను బోట్లో ఉంటా గదా” అన్నాడు. వల ఉన్న నీళ్లు ప్రమాదం. సన్నటి నైలాను దారం బురద నీళ్లలో కనబడదు, బొత్తాముకో ఫిన్‌కో చుట్టుకుంటే అంతే. ఏ చేత్తో అయినా అందేలా నడుముకు కత్తి కట్టుకోవాలి. అవన్నీ మామకు చెప్పాను. నేను పైకి వచ్చాక ఏం చెయ్యాలో కూడా చెప్పాను. ముప్ఫై లెక్కపెట్టేదాకా నా ముఖం మీంచి కళ్లు తిప్పొద్దు, నాతో మాట్లాడించు, మాట తడబడితే పట్టుకో అని.

దిగాను. నా నడుముకు కట్టిన తాడు రెండో కొసను మామ చూపుడువేలి మీద వేసుకుని కూర్చున్నాడు, గాలం పట్టుకున్నట్టు. కింద చీకటి. చేత్తో తడుముకుంటూ పోతే ఇనుప చట్రం తగిలింది, దానికి వల. రెండుచోట్ల కోసి పైకి వచ్చాను. వల విలువ వేలల్లో ఉంటుంది. ఎవరైనా ముందు దాని సంగతి అడుగుతారు. మామ నా ముఖంలోకి చూసి, “నిన్న రాత్రి మీ ఇంట్లో ఏం కూర?” అన్నాడు.

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. “గోంగూర” అన్నాను. “దాంట్లోకి?” అన్నాడు. “ఉల్లిపాయ.” అప్పుడు కళ్లు తిప్పి, “వల వచ్చిందా?” అన్నాడు.

ఆ రోజు పదకొండుసార్లు దిగాను. పదకొండు ప్రశ్నలు. మీ అమ్మ పుట్టినూరేది, మీ పిల్ల ఎన్నో క్లాసు, బియ్యం కేజీ ఎంత. అవును, కాదు అనే ప్రశ్నలు వెయ్యడు. స్పృహ తప్పబోయేవాడు కూడా తల ఊపుతాడని, సరే అని వేళ్లతో సైగ చేస్తాడని, మామ ఎక్కడా చదవలేదు. జీవితంలో మాస్కు పెట్టుకోలేదు. యాభై ఏళ్లు నీళ్ల మీద మనుషుల ముఖాలు చూశాడు, అంతే.

కానీ మామ బోట్లో ఉంటాడు. నేను నీళ్లలో పడిపోతే దూకి అందుకోవాలి. నీళ్లలో ఇంకొకరు కావాలి. ఆ మనిషి ఈ కొలనులోనే దొరికారు. కావలి వైపు ఒక జడ్పీ హైస్కూల్లో పీఈటీ మేడం. ఆవిడ ఆదివారాలు ఇక్కడికి పిల్లల్ని తీసుకొచ్చి ఈత నేర్పించేవారు. నేను జిమ్ కుర్రాడితో రక్షణ ప్రాక్టీసు చేస్తుంటే గట్టు మీద నిలబడి, “అన్నా, తల అట్టా పట్టుకుంటే నోట్లోకి నీళ్లు పోతాయి. గడ్డం కింద, తల వెనకాల, రెండు చేతులూ” అన్నారు. దిగి చూపించారు. వస్తారా మేడం, సముద్రంలోకి అని అడిగాను. “వస్తాను గానీ చేపను కొట్టను” అన్నారు. “నాకు చంపడం ఇష్టం లేదు. పులుసు అయితే తింటాను.”

అప్పుడు నాకు నిరుత్సాహంగా అనిపించింది చూడండి, దాన్ని తల్చుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. వేట చెయ్యని మనిషి వేటకు పార్ట్‌నర్ ఏంటి అనుకున్నాను. మూడుసార్లు వెళ్లాక తెలిసింది. చేపల గుంపు వస్తే ఆవిడ చేపల్ని చూడరు. నన్ను చూస్తారు. ఆవిడకు చేపతో పని లేదు మరి.

మొదటిసారి ఆవిడ భర్త కూడా బోటెక్కారు. ఊళ్లో నలుగురూ నాలుగు మాటలు అంటారు కదా, మన ఊళ్ల సంగతి మనకు తెలియంది కాదు. ఆయన ఇడ్లీ పొట్లాలు కట్టుకొచ్చారు. అర కిలోమీటరు పోకముందే ఆ ఇడ్లీలు సముద్రానికి సమర్పించారు. రెండోసారి ఒడ్డున కూర్చున్నారు. మూడోసారి నుంచి ఇంట్లోనే ఉండి మధ్యాహ్నానికి మసాలా నూరి పెడుతున్నారు.

ఇప్పుడు మా పద్ధతి ఇది. నీళ్లలో ఇద్దరం, బల్లెం తుపాకి ఒకటే. రెండు తుపాకులు తీసుకెళ్లే అవకాశమే పెట్టుకోలేదు. ఒకరి చేతులు ఖాళీగా ఉండాలి. కింద ఒక నిమిషం ఉంటే పైన కనీసం రెండు నిమిషాలు విశ్రాంతి. మేడం గడియారం చూసి వేలు చూపించేదాకా నేను మళ్లీ మునగను. నడుముకు కట్టే సీసం బరువు తక్కువే పెట్టుకుంటాను. ఊపిరి పూర్తిగా వదిలేసినా తేలాలి. మన లోతు తక్కువ నీళ్లలో ఐదారు మీటర్ల దగ్గర అడుగున నిలవడం కష్టమని చాలామంది బరువు పెంచుతారు. హాయిగానే ఉంటుంది. స్పృహ పోయిన రోజు ఆ బరువే అడుగుకు తీసుకుపోతుంది.

చేపను కొట్టే సంగతి చెబుతానన్నాను కదా. పొట్టి తుపాకి చాలు, 75 సెంటీమీటర్లది. మన మసక నీళ్లలో అంతకంటే దూరం ఎటూ కనబడదు. బల్లేన్ని విసిరే రబ్బరు పట్టీని నీళ్లలోకి దిగాకే ఎక్కించాలి, బోటు దగ్గరికి వచ్చేముందే దించాలి. చేప వెనకాల ఏముందో కనబడకపోతే నొక్కకూడదు. వెంటపడితే చేప పారిపోతుంది, కదలకుండా పడుకుంటే ఏమిటా అని చూడటానికి అదే వస్తుంది. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి మన ఒడ్డుకు వస్తాయి. వాటినీ, సముద్ర గుర్రాల్నీ, తిమింగల సొరనూ 1972 నాటి వన్యప్రాణి చట్టం కాపాడుతుంది, దగ్గరికి పోవద్దు. టేకు చేప తోక జోలికి వెళ్లొద్దు, అక్కడ విషపు ముల్లుంటుంది, దానికి చట్టం అవసరం లేదు. పండుగప్ప పడితే నాకు ఫోన్ చెయ్యండి, మామిడికాయ నేను తెస్తాను. అయిపోయింది, ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

వెనక నుంచి ఎవరో చెయ్యెత్తారు... ఆఁ, మామకు డబ్బులిస్తానా అంటున్నారు. డీజిలు నాది. పడిన చేపలో సగం మామది. ఏడాదికి మూడు నాలుగుసార్లు వలలు విడిపించి పెడతాను. డబ్బు ఇవ్వబోతే ఒకసారి తీసుకోలేదు, రెండోసారి కోప్పడ్డాడు. మూడోసారి నేనే అడగలేదు.

ఇంకొకటి అడుగుతున్నారు, నీళ్లు బాగున్నాయో లేదో ఎట్లా తెలుస్తుందని. నా ఫోన్లో గాలి చూపించే యాప్‌లు మూడున్నాయి. మామ దగ్గర ఏ యాపూ లేదు. తెల్లవారుజామున మూడింటికి లేచి రేవుకు పోతాడు. ముందు వచ్చిన బోటు వల చేత్తో పట్టుకుని చూస్తాడు. అడుగు వలకు మెత్తటి బురద అంటుకుని ఉంటే కింద కలిసిపోయినట్టు. ఇసుక మాత్రమే ఉండి, దులిపితే రాలిపోతే తేట. చూసి నాలుగింటికి నాకు ఫోన్ చేస్తాడు. బాగుంటే “రా” అంటాడు. బాగాలేకపోతే “పడుకో అబ్బయ్యా” అంటాడు, పెట్టేస్తాడు. ఎందుకు, ఏమిటి అనడానికి సందివ్వడు. మొదట్లో నేను మళ్లీ ఫోన్ చేసి బతిమాలేవాణ్ణి. ఎత్తేవాడు కాదు. చెన్నై నుంచి వచ్చే తమ్ముడు కూడా ఇప్పుడు శనివారం రాత్రే వచ్చి మా ఇంట్లో పడుకుంటున్నాడు, మామ ఫోన్ వచ్చాకే సంచి సర్దుతున్నాడు.

వచ్చే ఆదివారం ఇదే కొలనులో మేడం రక్షణ ప్రాక్టీసు చేయిస్తారు. పడిపోయినవాడిగా నటించడానికి నేనుంటాను. మాస్కు లేకపోయినా ఫరవాలేదు, రండి. ఈ ఆదివారం నిజానికి నేను సముద్రంలో ఉండాల్సింది. పొద్దున నాలుగింటికి ఫోన్ మోగింది, “పడుకో” అన్నాడు. పడుకోలేదు, మీ దగ్గరికి వచ్చాను.